మే నెలలో పిల్లలతో సముద్రానికి: సూర్యలంకా, వైజాగా?

నల్గొండ_నాన్న:
ఇద్దరు పిల్లలు, అమ్మ, మేము, మా తమ్ముడి కుటుంబం కలిసి మే రెండో వారంలో సముద్రానికి పోదామనుకున్నాం. తమ్ముడు వైజాగే అంటున్నాడు, విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్గొండలో ఎక్కితే రాత్రంతా పడుకుని పొద్దున దిగొచ్చు, రుషికొండ చూడొచ్చు అని. నాకేమో బాపట్ల దగ్గర సూర్యలంక నయమనిపిస్తోంది, కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరతాం. ఇంట్లో పంచాయితీ తెగడం లేదు. పిల్లలు నీళ్లలో దిగకుండా ఉండరు, కాబట్టి ఎలాంటి బీచ్ మంచిదో చెప్పండి.

పాలమూరు_బండి:
రెండూ వద్దు, గోవా వెళ్లండి అన్నా. మాకు మహబూబ్‌నగర్ నుంచి రాయచూర్ మీదుగా దారి ఉంది, మీకు ఇంకాస్త దూరం, అంతే. లైఫ్‌గార్డులు ఉంటారు, తినడానికి ఉండటానికి లోటు లేదు. మే దాటనివ్వకండి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం, అప్పుడు అక్కడ ఈతకు దిగనివ్వరు.

మిర్యాలగూడ_అక్క:
పెద్దామెను కూర్చోబెట్టుకుని గోవా దాకా కారు ప్రయాణమా, అదీ మే ఎండల్లో? వద్దు తమ్ముడూ.

బీచ్ పేరు చూసి కాదు, ఒడ్డు వాలు చూసి ఎంచుకో. ఒడ్డు ఏటవాలుగా ఉన్నచోట అల దూరంగా విరగదు, కాళ్ల దగ్గరికొచ్చి ఒక్కసారిగా కూలుతుంది, వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను కూడా లాక్కుపోతుంది, చిన్న పిల్లలు నిలబడలేరు. వైజాగ్ ఆర్.కె. బీచ్‌లో చాలాచోట్ల ఇదే పరిస్థితి. సాయంత్రం నడవడానికి, ముంత మసాలా తినడానికి, కురుసుర సబ్‌మెరైన్ చూడటానికి అది బాగుంటుంది, నీళ్లలో దిగడానికి కాదు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, బాత్రూములు, లైఫ్‌గార్డులు ఉండాలన్నది ఆ గుర్తింపుకు షరతు, అమ్మతో వెళ్తున్నప్పుడు అది చిన్న విషయం కాదు. కానీ అక్కడ అలలు గట్టివి, సర్ఫింగ్ చేసేవాళ్లు అక్కడికి వెళ్లేది అందుకే.

సూర్యలంక చదును. అల దూరంలోనే విరిగి నురగలా ఒడ్డుకొస్తుంది. పిల్లలకు మోకాలి లోతు చాలు కదా, నా ఓటు దానికే. మచిలీపట్నం దగ్గర మంగినపూడి కూడా లోతు తక్కువే, కాకపోతే అక్కడ నల్లమట్టి, ఫొటోల కోసం వెళ్లేవాళ్లకు నచ్చదు.

వైజాగ్‌లో_ఉన్నవాణ్ణి:
అక్కా, చదునుగా ఉంటే భయం లేదన్నట్టు రాశారు, నేను ఒప్పుకోను. చీరాల వైపు వాడరేవు, రామాపురం బీచ్‌లు కూడా చదును తీరాలే, అయినా కుర్రాళ్లు కొట్టుకుపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. లోతు లేదు కదా అని నడుచుకుంటూ లోపలికి పోతారు, మధ్యలో ఇసుక గుంట తగులుతుంది, వెనక్కి చూస్తే ఒడ్డు ఎక్కడో ఉంటుంది. ఏటవాలు బీచ్ అయితే మొదటి అలకే భయపడి వెనక్కి వస్తారు.

హుజూర్‌నగర్_తమ్ముడు:
మనం సాగర్ ఎడమ కాల్వలో ఈత నేర్చినోళ్లం, ఇంత టెన్షన్ ఎందుకో అర్థం కావట్లేదు.

మిర్యాలగూడ_అక్క:
తమ్మీ, ఆ ధైర్యమే నాకు భయం. కాల్వలో నీళ్లు ఒకే దిక్కుకు పోతాయి, చెయ్యి చాస్తే గట్టు అందుతుంది. సముద్రంలో అలలు తెచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి, అది ఒక సన్నని దారి చేసుకుని వేగంగా పోతుంది. పైకి చూస్తే అక్కడే అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపిస్తుంది, ఇక్కడ బాగుందని జనం అక్కడే దిగుతారు. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, ఎంత ఈత వచ్చినా చేతులు పడిపోతాయి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి.

వైజాగ్ తమ్ముడు చెప్పింది నిజమే, గుంటల సంగతి ఒప్పుకుంటాను. చదును బీచ్ అయినా లైఫ్‌గార్డు ఉన్నచోటే, పిల్లల చెయ్యి పట్టుకునే దిగాలి. అయినా మొదటిసారి సముద్రం చూసే పిల్లలకు కూలే అల కంటే నురగే మేలు, ఆ మాట మార్చను.

కొల్లాపూర్_వాసి:
ఇంత భయపడుతూ సముద్రమెందుకు? సోమశిల రండి. వేసవిలో శ్రీశైలం నీళ్లు తగ్గితే అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, అమ్మకు దర్శనమూ అవుతుంది.

నల్గొండ_నాన్న:
సోమశిల చలికాలంలో వస్తాం అన్నా, పిల్లలు అడిగింది అలలు. సూర్యలంకే ఖాయం చేస్తున్నాను, తమ్ముడు కూడా సగం ఒప్పుకున్నాడు. హంసలదీవి కూడా చూసి రావచ్చా? తాజా చేపలు దొరుకుతాయని మా వాడి ఆశ.

మిర్యాలగూడ_అక్క:
హంసలదీవి చూడండి, మన కృష్ణ సముద్రంలో కలిసేది అక్కడే. నీళ్లలో మాత్రం దిగొద్దు, నది కలిసే చోట ప్రవాహం ఎటు లాగుతుందో చెప్పలేం.

బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు ఇచ్చే అలల హెచ్చరిక చూసుకోండి. మే అంటే తుపానులు వచ్చే నెల కూడా, 2010 మే 20న లైలా తీరం దాటింది బాపట్ల దగ్గరే. నీళ్లలో ఆట పొద్దున తొమ్మిదిలోపు, మళ్లీ నాలుగు తర్వాత. మధ్యాహ్నం ఆ ఇసుక మీద అమ్మ అడుగు పెట్టలేదు.

చేపల మీద ఆశ పెట్టుకోవద్దని మీ వాడికి చెప్పండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు ఆపేస్తారు. చిన్న పడవలవాళ్లు తెచ్చింది దొరికితే దొరికినట్టు, ధర కూడా ఎక్కువే ఉంటుంది.