రోడ్డు రోలర్‌ను కారనుకొని నొక్కుతున్నరా?

ఓరుగల్లు_ఓటరు:
2019ల భువనగిరి లోక్‌సభ సీటు 5,219 ఓట్ల తేడాతోని కారు గుర్తు టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) చేజారింది. రోడ్డు రోలర్ గుర్తు మీద నిలబడ్డ స్వతంత్రునికి 27,973 పడ్డయి. 2020 దుబ్బాక ఉప ఎన్నికల గూడ కారే ఓడింది, తేడా 1,079, చపాతీ రోలర్ గుర్తుకు 3,570. ఎవరికి వెయ్యాలో తేల్చుకొని వచ్చిన మనిషి బూత్‌ల ఎందుకు తడబడుతడు? పెద్దమనుషులకు ఎట్ల నేర్పాలె?

గీతబొమ్మ:
ఆ ఓట్లన్నీ పొరపాటువే అనలేం. అదే సీటుల మిగతా స్వతంత్రులకు ఎన్నొచ్చినయో పక్కన పెట్టి చూస్తే అనుమానం బలపడుతది, అంతవరకే.

నా లెక్కల అసలు కారణం రంగు. ప్రచారమంతా గులాబీ జెండా మీద కారును చూస్తరు. మిషన్ మీద అదే కారు నలుపు తెలుపుల చిన్న గీతబొమ్మ. రంగు పోతే మిగిలేది చక్రాలు, పైన డొప్ప. మసక కంటికి ఆ ఆకారం కనపడంగనే "ఇదే" అనిపిస్తది, ఇంకోటి వెతకరు. చదువొచ్చినోళ్లు పేరు చూసి సరిచేసుకుంటరు. రానోళ్లకు ఆ ఆసరా లేదు, పైంగ వెనక లైన్ ఉన్నదన్న తొందర.

వరుస_నంబరు:
అందుకే గుర్తుతో పాటు మిషన్ మీద అభ్యర్థి వరుస నంబరు నేర్పండి. గుర్తింపు ఉన్న జాతీయ, రాష్ట్ర పార్టీలు పైన, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలు, చివర స్వతంత్రులు. ఒక్కో గుంపులో పేర్ల అక్షర క్రమం. నంబరు తేలేది నామినేషన్ల ఉపసంహరణ తర్వాతే: 2023 అసెంబ్లీకి నవంబర్ 15న గడువు ముగిస్తే 30న పోలింగ్. ఉన్నవి పదిహేను రోజులే.

నమూనా బ్యాలెట్‌లో గుర్తును నల్ల గీతలతోనే వేయండి, గుర్తుకు రంగు వేస్తే నేర్పినదంతా వృథా. కాగితం మాత్రం తెలుపు, గులాబీ రంగుల్లో ఉండకూడదు. దాని మీద మీ అభ్యర్థి తప్ప వేరేవాళ్ల పేర్లు, గుర్తులు వేయకూడదు. పైనుంచి వేలితో వరుసలు లెక్కపెట్టించండి. మర్నాడు చెప్పకుండా మళ్లీ అడగండి, తప్పితే అప్పుడే తెలుస్తుంది. బటన్లు ఉండే ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 వరుసలే. 2019 నిజామాబాద్‌లో 185 మందికి 12 యూనిట్లు పెట్టారు. అలాంటి చోట ఎన్నో యూనిట్టో కూడా చెప్పాలి. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది కానీ, నొక్కిన ఓటు మారదు.

పల్లె_పోరు:
సర్పంచ్ ఎన్నికల తిప్పలు వేరే. పార్టీ గుర్తు ఉండదు, గులాబీ బ్యాలెట్ కాగితం సర్పంచ్‌కు, తెల్లది వార్డుకు. సర్పంచ్ గుర్తు ఒక్కటే మనసుల పెట్టుకొని పోయి తెల్ల కాగితంల వెతుకుతరు. రంగు, గుర్తు జంటగ నేర్పాలె. ముద్ర రెండు గడుల నడుమ గీత మీద పడితే ఓటు చెల్లకపోవచ్చు. కాగితం ముందు నిలువుగ, ఆనక అడ్డంగ మడిస్తే సిరా వేరే గుర్తు మీద అంటదు.

ఓరుగల్లు_ఓటరు:
అసలే కనిపించనోళ్లకు?

వరుస_నంబరు:
18 ఏళ్లు నిండిన తోడును వెంట తీసుకుపోవచ్చు. ఆ తోడు ఆ రోజు ఒక్కరికే సాయం చేయాలి.