రాత్రి డ్యూటీలో మార్ఫిన్ ఆలస్యం: తాళం వల్లనా, మన భయం వల్లనా?

నైట్ సిస్టర్: పోయిన వారం క్యాన్సర్ వార్డులో నైట్ చేశాను. జబ్బు ఎముకలకు పాకిన పేషెంట్, నొప్పి పదికి తొమ్మిది అన్నారు. గట్టి నొప్పి మందు మార్ఫిన్ ఎస్ఓఎస్, అంటే అవసరమైనప్పుడే ఇవ్వాలని ఆర్డరుంది. కానీ ఇలాంటి మందులు తాళం వేసి ఉంచే నార్కోటిక్ కప్‌బోర్డు రెండో తాళంచెవి పై ఫ్లోర్ ఇన్‌ఛార్జి దగ్గర. ఆవిడ దిగొచ్చి సంతకం పెట్టేసరికి నలభై నిమిషాలు. ఈలోపు పారాసిటమాల్ ఎక్కించాను, ఆ నొప్పికి అది ఏ మూలకి? ఈ రెండు సంతకాల రూల్ తీసేయాలంటాను.

మందుల కౌంటర్: వద్దు సిస్టర్. 15 మి.గ్రా. ఆంప్యూల్‌లో 3 మి.గ్రా. ఇచ్చారనుకోండి. మిగతా 12 ఏమైందని ఎవరైనా అడిగితే మిమ్మల్ని కాపాడేది ఆ రెండో సంతకమే. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) కేసంటే మాటలు కాదు. 2018లో ట్రమడాల్ అనే నొప్పి మందునీ ఆ చట్టం కిందికి తెచ్చారు.

పెద్దకొడుకు: నేను నర్సును కాదు. మా నాన్న చివరి రెండు నెలల్లో మార్ఫిన్ అడిగితే "అలవాటైపోతుంది, ఓర్చుకోండి" అన్నారు. పోయే మనిషికి అలవాటేంటండీ?

పాత సిస్టర్: బాబూ, ఆ మాట మావాళ్లు అనడం తప్పే. నొప్పికి లెక్కప్రకారం ఇస్తే వ్యసనం అరుదు. కొన్నాళ్లకు డోసు పెంచాల్సి రావడం వేరు, వ్యసనం వేరు. చట్టం కూడా 2014 సవరణతో సడలింది, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఇప్పుడు ఇన్ని రకాల లైసెన్సులు అక్కర్లేదు. సడలనిది మన భయమే.

నైట్ సిస్టర్‌కి ఒక మాట. తాళం కన్నా ముందు తప్పు ఎస్ఓఎస్ దగ్గరే ఉంది. రోజంతా ఉండే నొప్పికి అడిగినప్పుడే మందు ఏంటమ్మా? మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది దాదాపు నాలుగు గంటలే. గడియారం చూసి ఇవ్వాలి, మధ్యలో ఎగదన్నితే అదనపు డోసు. విరేచనాల మందు మొదటి రోజు నుంచే, ఎందుకంటే మలబద్ధకం అలవాటుపడి తగ్గేది కాదు. మగత పెరుగుతోందేమో చూడండి, ఊపిరి తగ్గడానికి ముందు సాధారణంగా అదే కనిపిస్తుంది. శ్వాస నిమిషం నిండా లెక్కపెట్టండి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం కాదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మార్ఫిన్ అవశేషాలు పేరుకుంటాయి, డాక్టర్‌ని అడక్కుండా వద్దు. మార్ఫిన్ ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ ట్రాలీలో ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకోండి.

సంతకాలు రెండూ ఉండనివ్వండి. తాళంచెవులు మాత్రం ఒకే ఫ్లోర్‌లో, ఇద్దరి దగ్గర.

నైట్ సిస్టర్: ఎస్ఓఎస్ సంగతి నాకు తట్టలేదు మేడమ్, రేపు రౌండ్స్‌లో అడుగుతాను. తాళంచెవి మాత్రం కిందికి రాదు, మా ఇన్‌ఛార్జి సంగతి మీకు తెలీదు.