సెనేట్‌లో పార్టీ లీడర్ పదవికి టర్మ్ లిమిట్ ఉండాలంటారా?

ప్రశ్న (ప్లేనో, టెక్సాస్)

సిటిజన్‌షిప్ వచ్చాక 2024 నవంబరులో మొదటిసారి ఓటేశాను. వారం తిరగ్గానే రిపబ్లికన్ సెనేటర్లు తమ కొత్త లీడర్‌ని ఎన్నుకున్నారు. మా టెక్సాస్ సెనేటర్ జాన్ కార్నిన్‌కి 24 ఓట్లు, జాన్ థ్యూన్‌కి 29. పోటీలో ఉన్నప్పుడు కార్నిన్, లీడర్ పదవికి కూడా టర్మ్ లిమిట్ పెట్టాలన్నారు. మిగతా పదవులకు ఆరేళ్ల లిమిట్ ఎప్పటినుంచో ఉందట, లీడర్‌కి మాత్రం లేదట. అలా ఎందుకు వదిలేశారు? లిమిట్ పెడితే మేలా, నష్టమా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)

వద్దు అన్నా. ఒబామా హెల్త్ కేర్ బిల్లు గుర్తుందా? 2010 మార్చిలో హౌస్‌లో, అంటే ప్రతినిధుల సభలో, 219-212తో గట్టెక్కింది. సొంత పార్టీ డెమోక్రాట్లే 34 మంది వ్యతిరేకంగా వేశారు. ఒక్కొక్కరితో మాట్లాడి ఆ ఓట్లు కూడగట్టింది అప్పటి హౌస్ స్పీకర్ నాన్సీ పెలోసీ. అప్పటికి ఆవిడ పార్టీ నాయకురాలై ఏడేళ్లు దాటింది. ఆరేళ్ల లిమిట్ ఉండి ఉంటే అప్పటికే దిగిపోయేవారు. పైగా ఇదే ఆఖరి టర్మ్ అని తెలిశాక లీడర్ మాట ఎవరు వింటారు?

జవాబు (ఫెయిర్‌ఫాక్స్, వర్జీనియా)

గుంటూరులో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ విషయం నాకు ఎప్పటినుంచో మనసులో ఉంది బాబూ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సెనేట్ రిపబ్లికన్ల రూల్‌లో ఉన్న లోపం అందరూ చూడటం లేదు. లిమిట్ లేకపోవడం ఒక ఎత్తు. కింద అందరికీ పెట్టి పైన ఒక్కరిని వదిలేయడం మరో ఎత్తు, నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదం. మీ కార్నిన్‌నే చూడండి. 2013 నుంచి విప్‌గా, అంటే రెండో స్థానంలో ఉన్నారు. ఆరేళ్లు నిండగానే 2019 జనవరిలో దిగిపోవాల్సి వచ్చింది. ఆ కుర్చీలోకి వచ్చింది థ్యూన్. పైనున్న లీడర్ మిచ్ మెకానెల్ మాత్రం 2007 నుంచి 2025 దాకా కదల్లేదు. సెనేట్ చరిత్రలో అంతకాలం ఏ పార్టీ లీడరూ లేరు. పోటీకి నిలబడగల మనిషి బలపడే సమయానికి రూలే అతన్ని పక్కకు తప్పిస్తుంది. లీడర్ బలం మాత్రం ఏటేటా పెరుగుతూ పోతుంది.

2022 నవంబరులో సెనేటర్ రిక్ స్కాట్ లీడర్ పదవికి మెకానెల్ మీద పోటీ చేసి 37-10తో ఓడిపోయారు. 2023 ఫిబ్రవరికల్లా కామర్స్ కమిటీలో ఆయన స్థానం పోయింది. ఆయనతోపాటు మరో సెనేటర్ మైక్ లీ స్థానం కూడా. తీసేసింది మెకానెలే. మిగతావాళ్లకు సంగతి అర్థం కాకుండా ఉంటుందా?

అదే ఏడాది జులైలో మెకానెల్ మైకుల ముందు మాట్లాడుతూ మాట మధ్యలో ఆగిపోయారు. చూపు ఒకేచోట నిలిచిపోయింది. పెదవి కదల్లేదు. పక్కనున్న సెనేటర్లే చెయ్యి పట్టుకుని నెమ్మదిగా తీసుకెళ్లారు. నెల తిరిగేసరికి కెంటకీలో మళ్లీ అదే జరిగింది. 81 ఏళ్ల మనిషి. నాకు ఆయన మీద కోపం రాలేదు, బాధేసింది. ఇక చాలండి అని ఎదురుగా చెప్పే భారం తోటివాళ్ల మీద వేయకూడదు. దానికే ఒక తేదీ ఉండాలి. 2024 ఫిబ్రవరిలో ఆయనే సభలో లేచి, తప్పుకునే సమయం తెలుసుకోవడం కూడా ఒక నేర్పే అన్న అర్థంలో మాట్లాడారు. అయినా ఆ మాట తర్వాత కూడా 2025 జనవరి దాకా ఆయనే లీడర్.

ఎడిసన్ బాబూ, పెలోసీ గురించి మీరు చెప్పింది నిజమే. కానీ మిగతా సగం కూడా చూడండి. 2018 డిసెంబరులో తిరుగుబాటు చేసినవాళ్లను ఒప్పించడానికి, స్పీకర్‌గా నాలుగేళ్లకు మించి ఉండనని ఆవిడ మాటిచ్చారు. మీ లెక్కన అప్పటినుంచి ఎవరూ మాట వినకూడదు. 2021లో మౌలిక వసతుల బిల్లు, 2022లో వాతావరణం, మందుల ధరల బిల్లు, రెండూ కొద్దిపాటి మెజారిటీతో నెగ్గించింది ఆ నాలుగేళ్లలోనే. మాట ప్రకారం తప్పుకున్నారు కూడా. అంతకుముందు హౌస్ డెమోక్రాట్లలో పైముగ్గురు పెలోసీ, హోయర్, క్లైబర్న్ ఏళ్ల తరబడి పైనే ఉండిపోతే, వాళ్ల తర్వాత ఎదగాల్సిన వాన్ హాలెన్ సెనేట్‌కి వెళ్లారు, బెసెరా కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అయ్యారు. ఇలాంటి సమర్థులు పోతే ఆ నష్టాన్ని ఎవరూ ఓట్లలో లెక్కకట్టరు.

జవాబు (హైదరాబాద్)

మేడమ్, అక్కడ కనీసం సభ్యులు రహస్య బ్యాలెట్ మీద ఓటేస్తారు. 2023 డిసెంబరులో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు సమావేశమై ఏకవాక్య తీర్మానం చేసి నిర్ణయాన్ని ఖర్గేకి వదిలేశారు. రేవంత్‌రెడ్డి పేరు ఢిల్లీ నుంచి వచ్చింది. ప్రాంతీయ పార్టీల్లో ఆ తీర్మానం కూడా లాంఛనమే. నాకు తెలిసి గడువు రాసుకుని పాటించింది సీపీఎం. ప్రధాన కార్యదర్శికి మూడు టర్ములే. అందుకే 2015లో విశాఖ మహాసభలో కారత్ దిగి, మన సీతారాం ఏచూరి వచ్చారు. అది పార్టీ పదవే, సభాపక్ష పదవి కాదు, నిజమే.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్స్ మేడమ్. మీరైతే ఎన్నేళ్లు పెడతారు?

జవాబు (ఫెయిర్‌ఫాక్స్)

ఎనిమిదేళ్లు బాబూ. సెనేటర్ టర్మే ఆరేళ్లు కదా, ఆరంటే తక్కువ. 2018లో హౌస్ డెమోక్రాట్లు తమ పై నాయకుల కోసం ఒక ప్రతిపాదన తెచ్చారు. మూడు టర్ములు, నాలుగోది కావాలంటే మూడింట రెండొంతుల మద్దతు కావాలి. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఆ మనిషే కావాలనుకుంటే, రహస్య ఓటులో మూడింట రెండొంతులు తెచ్చుకోమనండి. ఇంకో మాట. హౌస్ రిపబ్లికన్లు 1995లో స్పీకర్‌కి సరిగ్గా ఇదే ఎనిమిదేళ్ల గడువు పెట్టారు. తమ పార్టీ హాస్టర్ట్ స్పీకర్‌గా ఉండగా 2003లో ఆ గడువును మామూలు మెజారిటీతో తీసేశారు. కాబట్టి రూల్ మార్చాలన్నా మూడింట రెండొంతులు కావాలని అందులోనే రాసుకోవాలి.