గెస్టాల్ట్ థెరపీలో ఆధ్యాత్మికత మొదట్నుంచీ ఉందా, తర్వాత వచ్చి చేరిందా?

వానచినుకు:
చాలాకాలంగా ధ్యానం చేస్తున్నా, ఈమధ్య గెస్టాల్ట్ థెరపీకి కూడా వెళ్తున్నా, అదే, ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో గమనించేలా చేసే మానసిక చికిత్స. నాకైతే రెండూ ఒక్క చోటికే తీసుకెళ్తున్నట్టుంది. ఏదో పాత సంగతి చెప్తుంటే థెరపిస్ట్ ఆపి "ఆ మాట దగ్గర ఊపిరి బిగబట్టారు, గమనించారా" అంటుంది, కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు నేను చూసేదీ ఆ ఊపిరినే. ఈ థెరపీ మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన ఫ్రిట్జ్ పెర్ల్స్ కూడా 1960ల్లో జపాన్ వెళ్లి జెన్ బౌద్ధ మఠంలో కూర్చుని వచ్చాడు కదా. మరి ఆధ్యాత్మికత మాటెత్తగానే గెస్టాల్ట్ వాళ్లలో కొందరు మొహం ఎందుకు చిట్లిస్తారు?

నిలువుటద్దం:
రెండూ ఒకటి కాదు కాబట్టి. జపాన్ సంగతి అందరూ సగమే చెప్తారు. దేవుడు లేని మతం దొరుకుతుందేమోనని ఆశపడితే, అక్కడ కూర్చునే ముందు ప్రతిసారీ బుద్ధుడి విగ్రహానికి వంగి మొక్కాల్సి రావడం తనకి నచ్చలేదని పెర్ల్సే రాసుకున్నాడు. పైగా సంవత్సరాలు చూడండి. పెర్ల్స్, హెఫర్‌లైన్, పాల్ గుడ్‌మన్ పేర్లతో మూలగ్రంథం వచ్చింది 1951లో. జపాన్ ఆ తర్వాతి మాట. తర్వాత వచ్చినదాన్ని మూలం అనడం ఏంటి?

సాయంకాలం:
జెన్ ఒక్కటేనా ఆధ్యాత్మికత అంటే?

వానచినుకు:
సంవత్సరాలే కావాలంటే ఇంకా వెనక్కి పోదాం. ఫ్రిట్జ్ భార్య, ఆయనతో కలిసి ఈ థెరపీని తయారుచేసిన లారా పెర్ల్స్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకునేటప్పుడు మార్టిన్ బూబర్, పాల్ టిల్లిక్ పాఠాలు విన్న మనిషి, ఇద్దరూ దేవుడి గురించి జీవితమంతా ఆలోచించినవాళ్లే. బూబర్ 'నేను-నువ్వు' పుస్తకం 1923లోది. ఫ్రిట్జ్ 1942లో దక్షిణాఫ్రికాలో వేసిన మొదటి పుస్తకంలోనే జర్మన్ తత్వవేత్త ఫ్రీడ్‌లాండర్ ఆలోచన ఉంది, రెండు కొసల్లో దేనివైపూ మొగ్గకుండా మధ్యలో సున్నా దగ్గర నిలబడి రెంటినీ చూడ్డం. ఇది ధ్యానం కాకపోతే ఇంకేంటి చెప్పండి.

నిలువుటద్దం:
బూబర్ పాఠాలు వినడం వేరు, థెరపీనే ఆధ్యాత్మిక సాధనగా మార్చెయ్యడం వేరు. నా అభ్యంతరం ఒక్కటే, సరిహద్దు. గెస్టాల్ట్‌లో కాంటాక్ట్, అంటే ఎదుటిదాన్ని నిజంగా తాకడం, కలవడం, జరిగేదే నాకూ నేను కానిదానికీ మధ్య ఉన్న సరిహద్దు దగ్గర. ఆ గీత చెరిగిపోయి ఎదుటివాళ్లలో కలిసిపోతే కాన్‌ఫ్లుయెన్స్ అంటారు, అదే అలవాటైపోతే మనిషికి తన ఆకలి ఏదో తన కోపం ఏదో కూడా తెలియకుండా పోతుంది. మీ ఆధ్యాత్మికత ఆ గీతే చెరిపేసుకోమంటుంది. ఇంక ఒకటెలా అవుతాయి?

వానచినుకు:
అలవాటైపోతే అని మీరే అన్నారుగా. కాంటాక్ట్ పూర్తిగా జరిగే క్షణంలో అహం పట్టు సడలిపోతుందని, ఆ తర్వాత మనిషి మళ్లీ వెనక్కి జరుగుతాడని 1951 పుస్తకంలోనే ఉంది. వెళ్లి రావడం తెలిసినవాళ్లకి కలిసిపోవడం రోగం కాదు. అయినా కూర్చుని చూసిన అనుభవం లేనివాళ్లకి ఎంత చెప్పినా ఇది ఎక్కదు.

గడపదాటి:
గెస్టాల్ట్‌లో ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో ఎవరో ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడిస్తారు, తర్వాత అందులోకి మారి వాళ్లలా జవాబు చెప్పమంటారు. నేను సెషన్లో ఆ కుర్చీలో దేవుణ్ణి కూర్చోబెట్టి నోరారా తిట్టాను. ఆ తర్వాతే మళ్లీ ప్రార్థన చేయగలిగాను.

నిలువుటద్దం:
అనుభవం లేనివాణ్ణి నేనే కదా. సరే వినండి. నా తమ్ముడు పోయినప్పుడు నేనొక ధ్యాన బృందంలో ఉన్నాను. డాక్టర్ల మీద, ఇంట్లోవాళ్ల మీద, వాడి మీద కూడా ఒళ్లు మండిపోయేది. అక్కడి పెద్దాయన "ఆ కోపం నువ్వు కాదు, సాక్షిగా చూడు" అనేవాడు. చూశాను. పళ్లు బిగించుకుని నవ్వుమొహం పెట్టుకుని చూస్తూనే ఉన్నాను, దవడ నొప్పికి మాత్రలు మింగేవాణ్ణి. తర్వాతెప్పుడో గెస్టాల్ట్ థెరపిస్ట్ నా కుడి చెయ్యి చూసి "ఆ పిడికిలికి నోరుంటే ఏమంటుంది" అని అడిగింది. నేనెంత గట్టిగా అరిచానో నాకే తెలీదు. అందుకే రెండూ ఒకటే అంటే నాకు మండుతుంది.

కొత్తబడి:
నిలువుటద్దం గారూ, మీకు జరిగినదానికి పేరుంది, స్పిరిచువల్ బైపాసింగ్, అంటే ఆధ్యాత్మికత చాటున మన బాధని తప్పించుకోవడం, 1980ల్లో సైకాలజిస్ట్ జాన్ వెల్‌వుడ్ పెట్టాడు. ఆయన స్వయంగా బౌద్ధ సాధకుడు, కాబట్టి సాధన చేసేవాళ్లకీ ఈ ప్రమాదం తెలుసు. నేను గెస్టాల్ట్ థెరపిస్ట్ ట్రైనింగ్‌లో ఉన్నాను, మాకు ఆర్నాల్డ్ బైసర్ అనే గెస్టాల్ట్ థెరపిస్ట్ 1970లో రాసిన వ్యాసం చదివిస్తారు, ఉన్నట్టుగా ఉండగలిగితేనే మనిషి మారతాడు తప్ప లేనిది కావాలని ప్రయత్నిస్తే మారడని. కోపంతో ఉన్నవాణ్ణి సాక్షి అయిపొమ్మనడం దానికి పూర్తిగా ఎదురు.

వానచినుకు:
మీ బాధ అర్థమైంది, కానీ ఆ మాట అన్నది ఆ పెద్దాయన, ధ్యానం కాదు. ఇప్పుడు నాది వినండి. నేను మొదట వెళ్లిన థెరపిస్ట్ కూడా గెస్టాల్టే. నా ప్రార్థన గురించి చెప్పగానే "అది మీ అమ్మ దగ్గర నమలకుండా మింగేసిన ఇంట్రోజెక్ట్" అన్నాడు, అంటే ఆలోచించకుండా లోపలికి తీసేసుకున్న వేరేవాళ్ల నమ్మకమని. నమిలి చూసుకుని ఉంచుకోవాలో ఉమ్మేయాలో తేల్చుకోవాల్సింది నేను కదా, నా బదులు ఆయనే ఉమ్మేశాడు. ఆ తర్వాత చాలాకాలం దండం పెట్టబోతే చేతులు మధ్యలోనే ఆగిపోయేవి.

నిలువుటద్దం:
అది చెడ్డ థెరపీ. థెరపిస్ట్ తన నమ్మకాలు పక్కన పెట్టాలి, ఎదుటి మనిషికి ఇప్పుడేం అనుభవంలోకి వస్తోందో దాంతోనే ఉండాలి. దేవుడున్నాడనీ లేడనీ చెప్పే హక్కు వాళ్లకి లేదు.

వానచినుకు:
చెప్పకుండానే చెప్పేస్తున్నారండీ, నా గొడవంతా అదే! కలలో వచ్చిన మనిషీ నువ్వే, గోడా నువ్వే, పామూ నువ్వే అని పెర్ల్స్ ఒక్కోదాని గొంతుతో మాట్లాడించేవాడు కదా. అదే పద్ధతిలో నా దేవుడూ నాలో ఓ ముక్కే అయిపోతాడు. బూబర్ అలా అనడు, ఆయనకి 'నువ్వు' అంటే నిజంగా అవతల ఉన్నవాడే. ప్రార్థన చేసేటప్పుడు నేను నాతో మాట్లాడుకోవట్లేదు.

నిలువుటద్దం:
అంటే అవతల ఎవరో ఉన్నారని థెరపీ ఒప్పుకోవాలి, అంతేనా? అది నేను ఒప్పుకోను. ఒకసారి ఒప్పుకుంటే, అవతలివాడి తరఫున మాట్లాడే పెద్దాయన ఇంకొకడు తయారవుతాడు.

సాయంకాలం:
గడపదాటి గారూ, కుర్చీ మారి దేవుడిగా జవాబు చెప్పారా మీరు?

గడపదాటి:
థెరపిస్ట్ మారమంది. నేను మారలేదు, అది నా చోటు కాదన్నాను. ఆవిడ సరేనని, ఖాళీ కుర్చీని చూస్తూ నాతోపాటు అలాగే కూర్చుంది.

వానచినుకు:
ఇదే నేను ఇందాకట్నుంచీ అంటున్నది.

నిలువుటద్దం:
కాదు, నేనంటున్నది. ఆవిడ బలవంతం చెయ్యలేదు, కుర్చీలో ఎవరున్నారో తను తేల్చలేదు.