ఐగర్ ట్రైల్: మోకాలి నొప్పి ఉన్న మిత్రుడితో వెళ్తున్నాము, ఎక్కడం మంచిదా, దిగడం మంచిదా?

ప్రశ్న (జ్యూరిచ్ నుంచి)

నమస్కారం. జూలై రెండో శనివారం మేము ఐదుగురు మిత్రులం స్విట్జర్లాండ్‌లోని ఐగర్ పర్వతం ఉత్తరపు రాతి గోడ కింద సాగే ఐగర్ ట్రైల్ నడవాలని అనుకుంటున్నాము. ముగ్గురం ఇక్కడే ఉద్యోగాలు చేస్తున్నాము, ఇద్దరు హైదరాబాదు నుంచి సెలవులకు వస్తున్నారు. అందరమూ అలిపిరి మెట్ల దారిన తిరుమలకు నడిచినవాళ్ళమే గానీ, ఆల్ప్స్‌లో ఇంత ఎత్తున నడవడం ఇదే మొదటిసారి. వచ్చేవారిలో ఒకరికి రెండేళ్ళ క్రితం మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. చదునైన నేల మీద ఆయన హాయిగా నడుస్తారు, మెట్లు దిగేటప్పుడు మాత్రం నొప్పి వస్తుందంటున్నారు.

చాలామంది కేబుల్ కార్‌లో ఐగర్‌గ్లెట్షర్ స్టేషనుకు చేరుకుని, అక్కడి నుంచి అల్పిగ్లెన్‌కు దిగుతారని విన్నాము. ఆయనను కింద కూర్చోబెట్టి మేము మాత్రం వెళ్ళడం మాకు ఇష్టం లేదు. అందరం కలిసి నడిచే వీలుంటే ఎలా నడవాలో, ఏమేమి వెంట తీసుకెళ్ళాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం (బెర్న్ నుంచి)

ఆ దారిలో నేను రెండు వైపులా నడిచాను. మీ మిత్రుడి మోకాలు సంగతి విన్నాక, అల్పిగ్లెన్ నుంచి పైకి ఎక్కి, కేబుల్ కార్‌లో దిగి రావడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఐగర్‌గ్లెట్షర్ 2,320 మీటర్ల ఎత్తున, అల్పిగ్లెన్ 1,616 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అంటే సుమారు ఆరు కిలోమీటర్ల దారిలో ఏడు వందల మీటర్ల తేడా. దిగేవాళ్ళకు రెండు, రెండున్నర గంటలు పడుతుంది కాబట్టి అది తేలికైన దారి అనిపిస్తుంది. అయితే అల్పిగ్లెన్ దగ్గరపడే కొద్దీ దారి నిటారుగా మలుపులు తిరుగుతూ వదులు రాళ్ళ మీదుగా దిగుతుంది, అప్పటికే అలసిన మోకాలి మీద అసలు భారం అక్కడే పడుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ నిలబడి ఊపిరి తీసుకుంటే అది తగ్గుతుంది; దిగేటప్పుడు మొదలైన నొప్పి నిలబడ్డంత మాత్రాన పోదు.

అలిపిరి దారితో పోల్చుకోవడం సహజమే గానీ, అక్కడి 3,550 మెట్లూ కట్టినవి, దారిలో చాలా భాగానికి పైకప్పు ఉంది, నీళ్ళు దొరుకుతాయి. ఇక్కడ అడుగు ఎక్కడ వేయాలో ప్రతిసారీ చూసుకోవాలి. పసుపు రంగు బోర్డుల మీద రాసిన సమయంలో విశ్రాంతి కలిసి ఉండదు. ఎక్కడానికి మూడు గంటలని ఉంటే, మీరు నాలుగున్నర గంటలు పెట్టుకోండి. రాళ్ళ మీద తెలుపు, ఎరుపు, తెలుపు చారలు ఉంటే అది కొండదారి, మీది అదే. తెలుపు, నీలం, తెలుపు చారలు కనిపిస్తే అటు వెళ్ళవద్దు, అవి పర్వతారోహణ తెలిసినవారి దారులు.

కింద ఉన్న గ్రిండెల్వాల్డ్ ఊరి నుంచి క్లైనె షైడెగ్ కనుమకు వెళ్ళే కొండ రైలు అల్పిగ్లెన్‌లో ఆగుతుంది, ఉదయం వీలైనంత తొందరగా దానిలో బయలుదేరండి. పైన ఐగర్‌గ్లెట్షర్ నుంచి దిగడానికి 2020 డిసెంబరులో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్ ఉంది, పావుగంటలో కిందికి చేరుస్తుంది. చివరి బండి సమయం మాత్రం ముందే చూసుకోండి.

రెండో సమాధానం (మ్యూనిక్ నుంచి)

పై సలహాను కాదనను, కానీ అందులో ఒక చిక్కు ఉంది. వేసవిలో ఆల్ప్స్‌లో పిడుగుల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తరువాత వస్తాయి, పైకి ఎక్కేవాళ్ళు సరిగ్గా ఆ వేళకే ఎత్తైన చోట ఉంటారు. పైగా ఈ దారిలో గోడ మీ నెత్తి మీదే నిలబడి దక్షిణపు ఆకాశాన్ని కప్పేస్తుంది, అటు నుంచి మేఘం కమ్ముకొస్తుంటే ఆలస్యంగా గాని తెలియదు. ఒక ఆగస్టులో మేము నలుగురం ఇలాగే పదకొండు దాటాక బయలుదేరి, సగం దారిలో వడగళ్ళ వానలో చిక్కుకున్నాము. రాళ్ళన్నీ జారుడుగా మారాయి. మాలో ఒకరికి చలితో వేళ్ళు బిగుసుకుపోయి చేతికర్ర పట్టుకోవడం కూడా కష్టమైంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు ఆరు డిగ్రీలు చలి పెరుగుతుంది. జ్యూరిచ్‌లో 28 డిగ్రీలు ఉన్న రోజున పైన 16 డిగ్రీలే ఉండవచ్చు, తడిసిన ఒంటికి గాలి తగిలితే అది ఇంకా చల్లగా ఉంటుంది. హైదరాబాదు నుంచి వచ్చేవారికి వాన కోటు, ఉన్ని టోపీ, పలుచటి చేతి తొడుగులు మీరే సిద్ధం చేసి పెట్టండి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య పది సెకన్ల కంటే తక్కువ ఉందంటే పిడుగు సుమారు మూడున్నర కిలోమీటర్ల లోపే పడుతోందని అర్థం. ఇనుప తాళ్ళకు, ఒంటరి చెట్లకు దూరంగా జరిగి, పాదాలు దగ్గరగా పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రక్షణ సేవ రేగా నంబరు 1414 అందరి ఫోన్లలోనూ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉదయపు రైలులో అల్పిగ్లెన్ చేరి పైకే ఎక్కుతాము. పన్నెండు గంటలకు సగం దారి దాటకపోతే ఎవరూ వాదించకుండా వెనుదిరగాలని ఇప్పుడే ఐదుగురం మాట అనుకున్నాము. కానీ వెనుదిరిగితే ఆ దిగుడు ఆయనకే కష్టం కదా, దానికి ఏమి చేయాలి?

మొదటి సమాధానం రాసినవారు

సరైన ప్రశ్న వేశారు. మలుపుల దారి ముగిసి గోడ అడుగుకు చేరుకోగానే అక్కడ ఆగి, పన్నెండు దాకా వేచి ఉండకుండా ఆయనను మోకాలు ఎలా ఉందో అడగండి. అప్పటికి తిరిగి దిగవలసింది కొద్ది దూరమే ఉంటుంది. ఆయనకు రెండు చేతికర్రలు ఇచ్చి, దిగేటప్పుడు వాటిని కొంచెం పొడవు పెంచమనండి. ఆ ఆగిన చోటే పులిహోర పొట్లాలు విప్పుకుని తల ఎత్తి చూడండి: 1938 జూలైలో నలుగురు తొలిసారి ఎక్కిన గోడ అదే, దాని మధ్యలో, కొండ లోపలి నుంచి వెళ్ళే యుంగ్‌ఫ్రౌ రైలు సొరంగానికి తొలిచిన కిటికీలు చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. బైనాక్యులర్ ఉంటే తప్పక తీసుకెళ్ళండి.

ఇంకొక్క మాట. కొన్ని సంవత్సరాలు జూలైలో కూడా వాగు పాయల్లో గట్టి మంచు మిగిలి ఉంటుంది, అప్పుడు దారి మూసే ఉంచుతారు. ముందురోజు రాత్రి దారి తెరిచి ఉందో లేదో చూడండి. మూసి ఉంటే అదే కొండ రైలులో క్లైనె షైడెగ్ దాకా వెళ్ళి, అక్కడి పచ్చిక దారుల్లో నడవవచ్చు. దూడలతో ఉన్న ఆవులకు మాత్రం దూరంగా తప్పుకుని వెళ్ళండి.