అప్‌డేట్: థర్మోస్టాట్ ఉన్న చోట 21 డిగ్రీలు, బెడ్‌రూముల్లో చలి. కారణం దొరికింది

పాత పోస్టు చదవని వాళ్ల కోసం: నడవా గోడ మీది థర్మోస్టాట్ (గది వేడిని కొలిచి హీటింగ్‌ను ఆన్, ఆఫ్ చేసే పరికరం) 21 డిగ్రీలు చూపించగానే హీటింగ్ ఆగిపోయేది, బెడ్‌రూముల్లో మాత్రం వణుకే. దాన్ని ఎక్కడికి మార్చాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

టెక్నీషియన్ వచ్చి ముందు థర్మోస్టాట్‌ను గోడ నుంచి ఊడదీశాడు. వెనకాల వైరు వచ్చే రంధ్రం బొటనవేలు దూరేంత ఉంది. చెయ్యి పెడితే లోపలి నుంచి వెచ్చటి గాలి తగులుతోంది. గోడ లోపల పక్కనే వేడి గాలి డక్ట్ (గాలి గొట్టం) పైకి వెళ్తోందట. అంటే సెన్సర్ కొలుస్తున్నది గది వేడిని కాదు, గోడ లోపలి వేడిని. "వెనక రంధ్రం ఉందేమో చూడండి" అన్నవాళ్లే కరెక్ట్.

రంధ్రం సీలెంట్‌తో మూస్తే సమస్య సగం తగ్గింది. మధ్యాహ్నం ఎండ కూడా సరిగ్గా అక్కడే పడుతుంది కాబట్టి చోటు మార్పించేశాను: మేం ఎక్కువగా కూర్చునే గదిలో, లోపలి గోడకి, నేల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తున. వేడి గాలి వచ్చే జాలీకి, టీవీకి, బయటి తలుపుకి దూరంగా. బిగించడం చిటికెలో అయిపోయింది, కొత్త వైరు లాగడమే అసలు తలనొప్పి.

బ్యాటరీలు, ఫిల్టర్ మార్చినందువల్ల ఒరిగిందేమీ లేదు. స్మార్ట్ థర్మోస్టాట్ కొని అదే చోట పెట్టుంటే అదీ ఇదే అబద్ధం చెప్పేది.

చివరి బెడ్‌రూమ్ ఇంకా కాస్త చల్లగానే ఉంటోంది. అది డక్ట్‌లోని డ్యాంపర్ (ఏ గదికి ఎంత గాలి వెళ్లాలో సర్దే రేకు) సర్దాల్సిన పని, థర్మోస్టాట్‌తో సంబంధం లేదన్నాడు టెక్నీషియన్.