స్కోపు జీరో నిలబడటం లేదు, లోపల ఆవిరి కూడా... ఎవరికన్నా ఇట్లయిందా?

గుత్తికోట_177: అన్నలారా, నాది స్ప్రింగు ఎయిర్‌గన్ను, మీద 4x32 స్కోపు (నాలుగింతలు పెద్దగా చూపే గురి దుర్భిణి). పొద్దున జీరో చేసుకుంటే, అంటే గురి పెట్టిన చోటే దెబ్బ పడేటట్ల సరిచేసుకుంటే, ఇరవై పెల్లెట్లు కొట్టేసరికి గుంపు (దెబ్బలన్నీ పడే చోటు) యాడికో పోతాంది. మొన్న వానలో తడిసిన్నాటి నుంచి లోపల పొగ పట్టినట్ల కనపడతాంది. అద్దం ఏ గుడ్డతో తుడవాల? ఏసీ రూములో పెట్టొచ్చా?

బేతంచెర్ల_పాలిష్: గుడ్డ సంగతి నన్నడుగు. మాది బండల పాలిష్ పని, గాలి నిండా రాతి పొడే. కొత్త స్కోపు తెచ్చిన వారానికి లుంగీ అంచుతో ఒక్క రుద్దు రుద్దినా, కోటింగంతా గీతలు. ఎండకు ఎదురుగా పెడితే ఇప్పటికీ సాలెగూడులో నుంచి చూసినట్టే ఉంటాది. ముందు రబ్బరు బుడ్డీ బ్లోయరుతో ఊదు, తరువాత మెత్తని బ్రష్షు, దుమ్మంతా పోయినాకనే మైక్రోఫైబరు. నోటితో ఊదొద్దు, ఎంగిలి పడ్తాది.

కడప_పాతకాపు: ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిలు కొట్టి కప్పు తెచ్చినోన్ని, నా మాట ఇను. ముందు అద్దం రింగు ఊడదీసి హెయిర్ డ్రైయరు పెట్టు, పది నిమిషాల్లో ఆవిరి మాయం.

తాడిపత్రి_స్ప్రింగు: సామీ, ఆ పని మాత్రం చేయొద్దు!! మంచి స్కోపుల్లో నైట్రోజన్ నింపి సీలు చేసింటారు, ఒకసారి ఇప్పితే గ్యాసు పోతాది, మన గాలీ తేమా లోపలికి దూరతాయి, వారంటీ కూడా గోవిందా. లోపల ఆవిరి వచ్చిందంటేనే సీలు పోయిందని లెక్క, కొన్న చోటికే పంపు.

కడప_పాతకాపు: నైట్రోజనంట! టైర్లకూ అదే పేరు చెప్పి డబ్బులు గుంజుతాండారు. నాది రెండుసార్లు ఇప్పినా, బంగారం మాదిరి ఉండాది.

తాడిపత్రి_స్ప్రింగు: బంగారం మాదిరి ఉంటే రెండోసారి ఎందుకు ఇప్పినావప్పా?

కడప_పాతకాపు: నువ్వు పుట్టకముందు నుంచి గన్ను పట్టినోన్ని, మర్యాదగా మాట్లాడు.

పెన్నా_ఒడ్డు: నా గోడు కూడా వినండి. స్కోపు డబ్బా మీద, గురి జరిపే మరను ఒక్క క్లిక్కు తిప్పితే పావు అంగుళం అని రాసినారు, పది మీటర్ల దగ్గర పది క్లిక్కులు తిప్పితే గోరంత కూడా జరగలే. మోసం కాకపోతే ఏంది ఇది?

తాడిపత్రి_స్ప్రింగు: ఆ పావు అంగుళం 100 గజాలకు అన్నా. 10 మీటర్లకు క్లిక్కుకు 0.7 మిల్లీమీటరే, పది తిప్పితే 7 మిల్లీమీటర్లు. స్కోపు బాగనే ఉండాది, డబ్బా మీద చిన్నచ్చరాలు చదువు.

కర్నూలు_బురుజు: అసలు 10 మీటర్లకు స్కోపెందుకు? ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలుకు స్కోపే ఒప్పుకోరు, పీప్ సైటుతోనే (అద్దాల్లేని చిన్న బొక్కలో నుంచి చూసి) కొట్టాల, పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. దమ్ముంటే అట్ల కొట్టండి.

పెన్నా_ఒడ్డు: మేమేమన్నా ఒలింపిక్సుకు పోతాండామా, పెరట్లో సోడా మూతలు కొట్టుకునేటోళ్ళం. నీ దమ్ము నీ దగ్గరే పెట్టుకో.

సెనిక్కాయ_రైతు: నెమళ్ళు చేనంతా గెలుకుతాండాయి, ఈ గన్నుతో పోతాయా?

కర్నూలు_బురుజు: నెమలి జోలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. డబ్బా మోగించి తరుముకో.

తాడిపత్రి_స్ప్రింగు: గుత్తీ, అసలు నీ జీరో సంగతి ఎవురూ చెప్పలే. స్ప్రింగు గన్ను రెండు తన్నులు తంతాది, ముందు ఎనక్కి, పిస్టను గుద్దుకున్నాక ముందుకు. ఆ రెండో తన్నుకు గన్ను ముందుకు పోతాది, స్కోపు ఎనకబడ్తాది. పెద్ద రైఫిళ్ళ స్కోపులు కూడా దీనికి తట్టుకోక లోపల పగిలిపోతాయి, స్ప్రింగు గన్నుకని చేసిందే కొనాల. స్కోపును పట్టుకున్న రింగుల ముందర, గన్ను మీది పట్టా మీద పెన్సిల్‌తో గీత గీసి పది కొట్టి చూడు.

గుత్తికోట_177: అన్నా గీసినా. పదికే గీతకూ రింగుకూ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు!

తాడిపత్రి_స్ప్రింగు: అదే రోగం. ఎనక రింగు కింద స్టాప్ పిన్ ఉంటాది, దాన్ని గన్ను మీద బొక్కలో దించు. బొక్క లేకపోతే విడిగా స్టాపరు బిగించు. స్క్రూలకు నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. ఎర్రది వద్దు, మల్లా ఊడదు. బలమంతా పెట్టి తిప్పితే ట్యూబు నొక్కుకుపోతాది.

గుత్తికోట_177: పిన్ను ఉండాదన్నా, పైకే ఉండిపోయింది, దించినా. ముప్పై కొట్టినా జరగలే. ఆవిరి మాత్రం అట్లనే ఉంది, పంపిస్తా. ఏసీ సంగతి ఎవరూ చెప్పలే?

బేతంచెర్ల_పాలిష్: ఏసీలో నుంచి వానాకాలం గాలిలోకి తెస్తే పై అద్దానికి చెమట పడ్తాది, కాసేపు ఆగితే పోతాది. లుంగీతో మాత్రం తుడవాకు.

కడప_పాతకాపు: మా ఊరి ఎండకు మనుషులకే ఏసీ లేదు, స్కోపుకంట!